ఆ బూజు వేరు, ఈ బూజు వేరు

పట్టుపురుగులు పెంచే ఇంట్లో బూజు అన్న మాటను ఎవరూ తేలిగ్గా అనరు. నేను మదనపల్లెలో, టమాటా మార్కెట్ యార్డు వెనక వీధిలో పుట్టి పెరిగినదాన్ని. బూజంటే నాకు తెలిసింది వానాకాలంలో తోలు చెప్పుల మీద, నిలవ రొట్టె మీద పట్టేదే. గుడ్డతో తుడిస్తే పోయేది. పుంగనూరు దగ్గరి పల్లెకు కోడలిగా వచ్చాకే దానికి వణికిపోయే మనుషులు ఉంటారని తెలిసింది.

ఆ ఇంట్లో పెద్దవాళ్ళం నలుగురం. మా ఆయన, నేను, ఆయన అన్న, ఆ అన్న భార్య. ఆయన్ను నేను బావా అంటాను, ఆమెను అక్కా అంటాను. పొలం పనులు అన్నదమ్ములు కలిసే చేస్తారు. పురుగుల షెడ్డు మాత్రం అక్కది. ఏ పూట ఎంత ఆకు వెయ్యాలో, ఏ కిటికీ తెరవాలో, ఎవరు లోపలికి రావచ్చో ఆమే చెప్పాలి. మా ఇంట్లో అందరికంటే గట్టి మనిషి ఆమె. ఆ గట్టితనం వెనక ఒక భయం ఉండేది. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో, ఇంక గూడు కట్టుకుంటాయనగా పురుగులన్నీ ఒక్కొక్కటే బిగుసుకుపోయి, సున్నంలో ముంచి తీసినట్టు తెల్లబడి చచ్చిపోయాయట. దాన్ని సున్నపుకట్టు రోగం అంటారు. బూజు వల్ల వచ్చేదే. షెడ్డు షెడ్డంతా గంపలకెత్తి గుంటలో పూడ్చారట. ఆ సంగతి చెప్పాల్సి వచ్చినప్పుడు ఆమె మధ్యలోనే ఆపేసి వేరే పనిలో పడిపోతుంది. మొత్తం కథ నేను మా ఆయన నోటే విన్నాను.

మాకు రెండు మల్బరీ తోటలు. పాతది ఇంటి పక్కనే, ఎప్పుడూ నల్లగా, దట్టంగా ఉంటుంది. కొత్తది వంక అవతల. అక్కడ మిట్టగా ఉన్న నేలను జేసీబీ పెట్టి చదును చేయించి మొక్కలు నాటారు. యంత్రం పైమట్టినంతా ఒక మూలకు నెట్టేసి, కింద ఉన్న ఎర్రటి గరుసును పైకి తెచ్చింది. ఆ గరుసులో మొక్కలు బతికాయి కానీ ఎదగలేదు. ఆకు చిన్నది, పలచన. బావ భాస్వరం కోసం డీఏపీ ఎరువు వేశాడు, మళ్ళీ వేశాడు. నీళ్ళు పెట్టాడు. తోట అలాగే ఉండిపోయింది. బావ ఆ గట్టు మీద నిలబడి చూసే చూపు నాకు గుర్తుంది, ఎదగని బిడ్డను చూసినట్టు ఉండేది.

ఆ ఏడాదే కుప్పంలో మహిళా రైతులకు శిక్షణ అని కబురొస్తే అక్క షెడ్డు వదిలి రానంది. నేను వెళ్ళాను. అక్కడ పాఠం చెప్పిన మేడం మా ముందు రెండు కుండీలు పెట్టింది. రెంటిలోనూ ఒకే మట్టి, ఒకే రోజు నాటిన మొక్కజొన్న. ఒకటి వాడిపోయి ఊదారంగుకు తిరిగి ఉంది. ఇంకోటి ముదురు పచ్చగా నిలబడి ఉంది. తేడా ఏమిటంటే, రెండోదాని వేర్లలో ఒక శిలీంధ్రం ఉంది.

"వేరు తన చుట్టూ ఉన్న మట్టిలోనే వెతుక్కుంటుంది. ఈ శిలీంధ్రం వెంట్రుక కంటే సన్నటి పోగులుగా వేరులోంచి బయటికి పాకి, వేరు దూరలేని సందుల్లోకి వెళ్ళి భాస్వరం, తడి తెచ్చి ఇస్తుంది. ఊరికే ఇవ్వదు. ఆకు వండుకున్న చక్కెరలో తన వంతు తీసుకుంటుంది," అంది మేడం.

నేను లేచి, పైమట్టి పోయిన నేలలో అది ఉంటుందా అని అడిగాను. ఉండదు, ఉన్నా చాలా తక్కువ, అంది. డీఏపీ ఎక్కువ వేసినా అది వేరులో సరిగా కుదురుకోదు, మొక్కకు దాని అవసరం తెలియదు కాబట్టి, అని కూడా అంది. నాకు మా వంక అవతలి తోట కళ్ళ ముందు కనబడింది. వచ్చేటప్పుడు ఆ శిలీంధ్రం కలిపిన పొడి మూటలు తెచ్చుకున్నాను. రైతులు దాన్ని వ్యామ్ అంటారు.

వాకిట్లో మూటలు దించుతుండగా అక్క బయటికొచ్చింది.

"ఏమ్మే, ఏమియ్యి?"

"వ్యామ్ అంటారక్కా. మల్బరీ వేర్లకు వేసేది."

"ఎరువా?"

"ఎరువు కాదక్కా. శిలీంధ్రం." ఆ మాట ఆమెకు అర్థం కాలేదని తెలిసి, దాచడం ఎందుకని చెప్పేశాను. "బూజు జాతిదే. కానీ ఇది మంచిది."

ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. "బూజును మూట గట్టుకోని మోసుకొచ్చినావా? పట్టుపురుగుల ఇంటికి, రేషం ఇంటికి?"

మా ఆయన అడ్డం వచ్చాడు. "వదినా, అది పురుగులకు పట్టేది కాదంట. ఆ తోట ఎట్లా లేస్తా లేదు కదా, ఏసి సూద్దాం."

"నేనేసిన డీఏపీకే లేయని తోట బూజుకు లేస్తాదా?" అని బావ నవ్వాడు కానీ వద్దని మాత్రం అనలేదు. ఆ తోట మీద ఆయనకు ఆశ చావలేదు.

అక్క మాత్రం నవ్వలేదు. మూటలు షెడ్డు దిక్కుకు రాకూడదంది. బోరు దగ్గరి మోటారు గదిలో పెట్టాలి, నేనే వెయ్యాలి, వేసిన రోజు షెడ్డులో అడుగు పెట్టకూడదు. అన్నిటికీ ఒప్పుకున్నాను. తొలకరికి కొమ్మలు కత్తిరించాక, మాగిన పేడ ఎరువులో పొడి కలిపి, మొక్కల మొదళ్ళ పక్కన సాలు తీసి వేర్లకు తగిలేలా వేసి మట్టి కప్పాను. మా ఆయన సాలు తీసిపెట్టాడు. బావ గట్టు మీద కూర్చుని చూశాడు.

వానాకాలం గడిచేసరికి కొత్త తోట ఆకు కొంచెం వెడల్పయింది. వ్యామ్ వల్లో, వానల వల్లో నాకే తెలియలేదు. ఎవరితోనూ ఏమీ అనలేదు. ఆకు పెరగబోతోందన్న ధైర్యంతో అక్క ఆసారి ఎప్పటికంటే ఎక్కువ పురుగులు పెంపకానికి దించింది. పండిన పురుగులను గూడు అల్లుకోవడానికి ఎక్కించే వెదురు తట్టలను చంద్రికలంటారు. అవి చాలకపోతే పెద్దతిప్పసముద్రం దగ్గరున్న తన పుట్టింటి నుంచి కొన్ని తెప్పించింది.

కార్తీకంలో వాయుగుండం పట్టుకుంది. ఎండ మొహం లేకుండా ముసురు. పురుగులు నాలుగో జ్వరం నుంచి లేచాయి. కుబుసం విడవడానికి ముందు పురుగు మేత మాని కదలకుండా పడుకోవడాన్ని మా దగ్గర జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచాక వాటి ఆకలికి అంతుండదు. ఆకు కోసి, తడి ఆరబెట్టి, అందించడంలోనే మా నలుగురికీ పూట గడిచిపోయేది. చలికి కిటికీల గోనెపట్టాలు దించే ఉంచాం.

ఒక ఉదయం నేను ఆకు మోపు దించుతుంటే షెడ్డు లోపలి నుంచి అక్క పిలిచిన పిలుపుకు నా చేతుల్లోంచి మోపు జారిపోయింది. ఆమె నన్ను పిలవలేదు. తన భర్తను పిలిచింది. ఆయన పరుగున వెళ్ళాడు. ఆయన వెనకే మేమూ వెళ్ళాం. ఆమె అరచేతిలో ఒక పురుగు ఉంది. వేలితో తట్టితే ఎండిన చిక్కుడుకాయలా చప్పుడు చేసింది. తల దిక్కు ఇంకా పచ్చగానే ఉంది, తోక దగ్గర తెల్లటి పొడి మొదలయింది.

అక్క తలెత్తి నా వైపు చూసింది.

"బయటికి పో," అంది.

"అక్కా..."

"బయటికి పో అంటాండాను. నువ్వు లోపలికి రావద్దు."

నేను బయటికొచ్చి వానచినుకుల్లో నిలబడ్డాను. లోపల వరసలుగా పేర్చిన పురుగుల పడకలను ఒక్కొక్కటే వెతుకుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఇంకొకటి దొరికింది. కింది వరసలో ఇంకొన్ని. నా చేతులు నేనే చూసుకున్నాను. నేను అక్క చెప్పినట్టే నడుచుకున్నాను, కానీ ఆ క్షణంలో అదంతా నాకే సరిపోలేదు. పొడి వేసినప్పుడు కట్టుకున్న చీరను తర్వాత ఎక్కడ ఆరేశాను? మోటారు గది మీదుగా గాలి ఏ దిక్కుకు వీస్తుంది? కుప్పంలో విన్నదంతా నిజమే అయినా, నిజం కాకపోతే?

బావ బయటికొచ్చి నేరుగా స్కూటరెక్కి వెళ్ళిపోయాడు. కాసేపటికి పుంగనూరు నుంచి తిరిగొచ్చాడు. సున్నం తెచ్చాడు, పడకల మీద చల్లే మందు తెచ్చాడు. వాటితోపాటు ఇంకో పెట్టె కూడా దించాడు.

"అదేంది అన్నా?" అన్నాడు మా ఆయన.

"బూజు మందు. కొత్త తోట మొదళ్ళకు పోసేస్తా. ఆ బూజు ఆడ ఉన్నంత కాలం ఈ ఇంట్లో రేషం ఉండదు."

నేను ముందుకొచ్చాను. "బావా, ఆ మందు పోస్తే ఆ ఆకు పురుగులకు పనికిరాదు. పాత తోట ఆకు ఒక్కటే చాలదు. పైగా ఇది ఆ బూజు కాదు బావా. నేను మేడంకు ఫోన్ చేస్తాను, ఆమెనే అడగండి."

ఫోన్ కలిసింది. స్పీకరు పెట్టాను. మేడం ఓపిగ్గా చెప్పింది. వేరులో ఉండేది వేరు లేకుండా బతకలేదనీ, పురుగుకు పట్టేది వేరే జాతనీ, ముందు కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వమనీ, చచ్చిన పురుగులను తెల్లబడకముందే ఏరి కాల్చెయ్యమనీ చెప్పింది. బావ విన్నాడు. అక్క షెడ్డు గుమ్మంలో నిలబడి విన్నది.

"ఫోన్లో ఎవురైనా సెప్తారు. అమ్మినోళ్ళు సెడ్డదని సెప్తారా?" అంది అక్క. ఆ తర్వాత ఎవరూ ఊహించని మాట అంది. "కుప్పం పోదాం పా. నేనూ వస్తా. నువ్వొక్కదానివే పొయ్యి వచ్చి సెప్తే నేను నమ్మను. నా కంటితో సూడాల."

"పురుగులు?" అన్నాడు బావ.

"మీరిద్దరూ ఉండారు కదా. పడక పడకకూ సున్నం కొట్టండి. చచ్చినవాటిని ఏరతా ఉండండి."

"పొద్దుగూకే లోపల ఏ సంగతీ తెలీకపోతే మందు పోస్తాను," అన్నాడు బావ. అక్క సరేనంది.

ఆమె ఒక అగ్గిపెట్టెలో బిగుసుకున్న పురుగును పెట్టి, పైన పాలితిన్ కవరు చుట్టింది. నేను పరుగున కొత్త తోటకు వెళ్ళి ఒక మొక్క మొదలు తవ్వి, సన్నటి పిల్లవేర్లు మట్టితోపాటు తీసి తడిగుడ్డలో మూట కట్టాను.

పలమనేరు మీదుగా రెండు బస్సులు మారాలి. ఆ దారంతా అక్క కిటికీ పక్కన కూర్చుని నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. అగ్గిపెట్టెను ఒళ్ళో రెండు చేతులతో పట్టుకుని ఉంది. నా వేర్ల మూట కాళ్ళ దగ్గర పెట్టుకుంటే, తన చీర అంచు దానికి తగలకుండా పక్కకు లాక్కుంది. కండక్టరుకు టిక్కెట్లు నేనే చెప్పాను. వి.కోట దాటాక మా ఆయన ఫోన్ చేశాడు. మూడో వరసలోనూ కనబడిందన్నాడు. నేను ఆ మాట ఆమెకు చెప్పాల్సి వచ్చింది. ఆమె తల ఊపింది, అంతే. ఏడిస్తే బాగుండుననిపించింది. తిట్టినా బాగుండేది.

కుప్పంలో మేడం మమ్మల్ని చూసి, ఇద్దరి ముఖాలూ చూసి, ఎక్కువ మాట్లాడకుండా నేరుగా ప్రయోగశాలలోకి తీసుకెళ్ళింది. ముందు అగ్గిపెట్టె తెరిచింది. పురుగు పైనున్న తెల్లటి పొడిని సూదితో కొంచెం తీసి గాజుపలక మీద పెట్టి, సూక్ష్మదర్శిని కింద ఉంచి, అక్కను చూడమంది. అక్క ఒక కన్ను మూసుకోవడం రాక కొంగుతో కప్పుకుని చూసింది.

"గసగసాల మాదిరి ఉండాయి," అంది.

"అవే దాని విత్తనాలమ్మా. చర్మం మీద పడి, తేమ ఉంటే మొలిచి, తొలుచుకుని లోపలికి పోతాయి. పురుగును తిన్నాక మళ్ళీ బయటికొచ్చి ఇట్లా పొడి అవుతాయి. ఇదే సున్నపుకట్టు."

"అది నాకు తెల్సు," అంది అక్క. "అది యాడ నుంచి వచ్చిందో సెప్పండి."

మేడం నా వేర్ల మూట తీసుకుంది. వేర్లను కడిగి, సన్నటివి ఏరి, ఒక ద్రావకంలో వేసి వేడి చెయ్యాలి, తర్వాత రంగు పట్టించాలి, కొంచెంసేపు పడుతుందంది. అంతవరకూ చూడమని తన దగ్గరున్న పాత పలకలు చూపించబోతే అక్క వద్దంది.

"మా తోటదే సూస్తాను."

మేం వరండాలో బల్ల మీద కూర్చున్నాం. లోపల వేర్లు ఉడుకుతున్నాయి. నాకు మళ్ళీ అనుమానం మొదలయింది. ఒకవేళ వేర్లలో ఏమీ లేకపోతే? పొడి వేసి నెలలయింది, ఆ గరుసులో అది పట్టకుండా చచ్చిపోయి ఉంటే? అప్పుడు చూపించడానికి నా దగ్గర ఏమీ ఉండదు. మా ఆయన మళ్ళీ ఫోన్ చేశాడు. అన్న మందు కలిపే డ్రమ్మును తోట గట్టు మీదికి తీసుకెళ్ళాడన్నాడు. ఇంకా పొద్దుగూకలేదు కదా అన్నాను. ఊరికే కూర్చోలేకపోతున్నాడు, నేనేం చెయ్యను, అన్నాడు.

మేడం మమ్మల్ని పిలిచింది. ముందు తను చూసి, పక్కకు జరిగి అక్కకు చోటిచ్చింది. అక్క వంగి చాలాసేపు చూసింది.

"వేరు లోపల సెట్టుండాది," అంది ఆమె.

నన్ను కూడా చూడమంది మేడం. పారదర్శకంగా మారిన వేరు గదుల్లో నీలిరంగు పోగులు నిడుపుగా పాకి ఉన్నాయి. అక్కడక్కడ ఒక గదిలోకి దూరి, కొమ్మలు కొమ్మలుగా చీలి, గుబురు చెట్టులా విచ్చుకున్నాయి. 

"ఆ గుబుర్ల దగ్గరే వాళ్ళ ఇచ్చిపుచ్చుకోవడాలు," అంది మేడం. "మట్టిలోంచి తెచ్చింది అక్కడ వేరుకు ఇస్తుంది, చక్కెర అక్కడే తీసుకుంటుంది. వేరు చస్తే ఇదీ చస్తుంది. పురుగు మీద వేసినా, అన్నం మీద వేసినా పెరగదు. మేము దీన్ని పెంచాలంటే కుండీలో మొక్కలు పెట్టి, వాటి వేర్ల మీదే పెంచాలి. ఆ బూజు వేరమ్మా, ఈ బూజు వేరు."

"ఈ బూజు వేరుదే," అని గొణిగింది అక్క. తను అన్న మాటలో తమాషా ఉందని ఆమె గమనించలేదు. నవ్వే స్థితిలో ఎవరమూ లేము.

మేడం ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టింది. షెడ్డు ఎట్లా కడిగారు, కిటికీలు ఎప్పటినుంచి మూసి ఉన్నాయి, ఆకు తడిగా వేశారా? అక్క అన్నిటికీ జవాబు చెప్పింది. అన్నీ సరిగానే చేసింది, కిటికీల సంగతి తప్ప.

"బయటి నుంచి సామాను ఏమైనా వచ్చిందా? తట్టలు, స్టాండ్లు?"

అక్క నోరు తెరిచి ఆగిపోయింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. "చంద్రికలు. మా అన్నోళ్ళ ఇంటి నుంచి. మందు నీళ్ళలో కడిగినాను. ముసురు పట్టుకునె, ఎండబెట్టలేదు. షెడ్డు మూలన నిలబెట్టినాను."

"వాళ్ళ పురుగులు బాగా పండాయా?"

"పోయినసారి పండలేదు. ఆకు చాలక పోయిందన్నారు."

అక్క నా ఫోన్ అడిగింది. తన ఫోన్ చేతిలోనే ఉంది, ఆ కంగారులో ఆమె దాన్ని చూసుకోలేదు. నంబరు తనే నొక్కి వరండాలోకి వెళ్ళింది. ఆమె గొంతు నాకు గది లోపలికి వినిపించింది.

"అన్నా, నేను. నిజం సెప్పు. మీ పురుగులు ఆకు లేక పోయినాయా, సున్నం కట్టుకోని పోయినాయా?"

ఆమె ఫోన్ చెవికి అదుముకుని విన్నది.

"అట్లయితే సెప్పాల్సింది కదా అన్నా. సెప్పింటే నేను ఆ తట్టలు తెచ్చేదాన్ని కాదు కదా. సిగ్గేమి దీంట్లో, రోగానికి సిగ్గేమి?"

ఆమె వచ్చి ఫోన్ నాకిచ్చింది. మేడం నీళ్ళిచ్చింది, ఇంకా మిగిలిన పురుగుల కోసం ఏం చెయ్యాలో కాగితం మీద రాయబోతే, నోటితో చెప్పండమ్మా, గుర్తుంటాది, అంది.

బయటికొచ్చి బస్టాండుకు నడుస్తుంటే మా ఆయన ఫోన్. కేకలేస్తున్నట్టుగా ఉంది. "అన్న మందు కలిపేసినాడు. ఇంకో పడకంతా పోయింది, అది సూసి ఆగలేకపోయినాడు. పోస్తాండాడు. నేను సెప్తే ఇనడం లేదు."

నేను ఆయన మాట ముగియకముందే ఫోన్ అక్క ముందుకు చాపాను. కానీ ఆమె వెంటనే తీసుకోలేదు. ఆమె ఏమాలోచిస్తోందో నాకు తెలుసు. ఆపమని చెబితే సరిపోదు. ఎందుకు ఆపాలో చెప్పాలి. చెబితే, ఇంతకాలం ఆ షెడ్డులో ఒక్క తప్పూ జరగనివ్వని మనిషి, తన పుట్టింటి పేరు ఎత్తాలి. నేను చెప్పవచ్చు. చెప్పకూడదనిపించింది. ఆమె చూసి నమ్మిందన్న సంగతి ఆమె నోటనే రావాలి.

పలమనేరు బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. మేం ఎక్కాం. ఆమె నిలబడే ఫోన్ తీసుకుంది.

"ఆయనకియ్యి," అంది. ఒక క్షణం తర్వాత, బస్సులో పదిమంది వింటుండగా, గొంతు తగ్గించకుండా చెప్పింది. "ఇదో, పొయ్యొద్దు. ఆపెయ్యి. నేను సూసినాను, మన తోటలోది వేరుకు పట్టుకోని బతికేది, అది పురుగు జోలికి రాదు. పురుగులకు పట్టిన బూజు నేను తెచ్చిన చంద్రికల్లో వచ్చింది. మా అన్నోళ్ళ ఇంటి నుంచి. నేనే తెచ్చినాను. ఆ తట్టలు బయటేసి కాల్చు ముందు. ఆ పిల్లది తప్పేమీ లేదు."

అవతల బావ ఏమన్నాడో నాకు వినపడలేదు. ఆమె ఫోన్ ఇచ్చేసి సీట్లో కూర్చుంది. కొంచెంసేపటికి కాళ్ళ దగ్గర నాకు చోటు చాలడం లేదని చూసి, తన సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. పలమనేరులో బస్సు మారినప్పుడు, తినడానికి ఏమన్నా తీసుకో మే, పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు నువ్వు, అంది.

మేం చేరేసరికి బావ తోట గట్టు మీదే ఉన్నాడు. పై దిక్కు సాళ్ళకు మందు పోసేశాడు. కింది దిక్కు సాళ్ళు మిగిలాయి. డ్రమ్ములో మందు ఇంకా ఉంది. మమ్మల్ని చూసి లేచి, డ్రమ్ము మూత బిగించాడు.

"ముందే సెప్పింటే..." అని మొదలుపెట్టి ఆపేశాడు. ఎవరు ముందే చెప్పి ఉండాలో ఆయనకూ తెలియలేదేమో.

ఆ బ్యాచి సగానికి పైగా పోయింది. షెడ్డులో గాలి ఆడేలా పట్టాలు ఎత్తి, పడకలు పలచన చేసి, పూటపూటకూ సున్నం చల్లి, బిగుసుకున్నవాటిని ఏరి కాల్చి మిగిలినవాటిని కాపాడుకున్నాం. మేం తిరిగొచ్చిన రాత్రి నన్ను లోపలికి రమ్మని ఎవరూ పిలవలేదు. మర్నాడు ఉదయం అక్క షెడ్డు గుమ్మంలో నిలబడి, కింది వరస నువ్వు సూడు, అంది. అంతే. మందు పోసిన సాళ్ళ ఆకు వాడలేదు. పురుగులు తగ్గిపోవడం వల్ల మిగిలిన ఆకే సరిపోయింది. ఆకు సరిపోయినందుకు సంతోషించాలో వద్దో తెలియని పరిస్థితి. మదనపల్లె గూళ్ళ మార్కెట్లో మా గూళ్ళను చేత్తో నొక్కి చూసిన, పట్టుదారం తీసే ఒక రీలరు, సాయిబు, ముసలాయన, "పల్చగుండాయి కదమ్మా, ఏమయింది?" అని అడిగితే అక్క దాచకుండా చెప్పింది, సున్నపుకట్టు తగిలిందని. ఆయన అయ్యో అన్నాడు. పక్క రాశివాళ్ళు రెండడుగులు దూరం జరిగారు.

చైత్రం వచ్చేసరికి బోరు నీళ్ళు తగ్గాయి. పాత తోటకు నీళ్ళు పెడితే కొత్త తోటకు అందేవి కావు. అప్పుడు తేడా బయటపడింది. మందు పోసిన పై సాళ్ళలో మధ్యాహ్నానికే ఆకు వేలాడిపోయేది, సాయంత్రమైనా తేరుకునేది కాదు. కింది సాళ్ళు కూడా మధ్యాహ్నం వాడేవి, కానీ పొద్దు వాలేసరికి లేచి నిలబడేవి. ఆకు పాత తోటంత నల్లగా రాలేదు. ఆ గరుసు గరుసే. కానీ అది కోయదగ్గ ఆకు. బావ ఒక రోజు పార తీసుకుని రెండు దిక్కులా ఒక్కో మొక్క మొదలు తవ్వాడు. వేర్లు చేతిలో పట్టుకుని చూశాడు. కంటికి కనబడేది ఏముంటుంది? కింది సాలులో వేర్లకు మట్టి కొంచెం గట్టిగా అంటుకుని ఉంది, అంతే. ఆయన మట్టి మళ్ళీ కప్పి, కాలితో అదిమి, ఆ వానాకాలానికి డీఏపీ సంగతి ఎత్తలేదు.

అక్కకూ ఆమె అన్నకూ మధ్య మాటలు ఆగిపోయాయి. బస్సులో ఆమె చెప్పిన మాట ఎవరి నోటనో పెద్దతిప్పసముద్రం చేరింది. అక్క వాళ్ళ వదిన, మా ఇంటి రోగాన్ని ఊరంతా చాటించింది, అని ఏడ్చిందట. ఉగాదికి అటు నుంచి ఎవరూ రాలేదు. అక్క ఆ రోజంతా షెడ్డు గోడలకు సున్నం కొడుతూనే ఉంది, అవసరం లేకపోయినా.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం నా ఫోన్ మోగింది. ఆమె అన్న.

"అమ్మా, మీ అక్కకు చేస్తే ఎత్తదు. మా బోరు ఎండిపోయింది. పురుగులు నాలుగో జ్వరం లేచినాయి. ఆకు లేదు. షెడ్డంతా కడిగినాం ఈసారి, బాగా కడిగినాం. రెండు పూటలకైనా..."

నేను వెళ్ళి అక్కకు చెప్పాను. ఆమె అప్పుడే అన్నం ముందు కూర్చుంది. విని, చెయ్యి కడుక్కుని లేచింది. కొడవలి తీసుకుని వంక దాటి కొత్త తోటలోకి నడిచింది. నేనూ వెళ్ళాను. కింది సాళ్ళలో ఇద్దరం కోశాం. ఎండ మాడ్చేస్తోంది. ఆమె ఎక్కడా ఆగలేదు. మోపులు కట్టి, ఆకు వాడకుండా తడి గోనెసంచులు కప్పి, ఊళ్ళో ఉన్న ఒక టెంపోను మాట్లాడి ఎక్కించాం.

డ్రైవరు తలుపు వేయబోతుంటే ఆమె కిటికీ దగ్గరికి వెళ్ళింది.

"అప్పా, ఆకు దించినాక ఆ గోనెసంచులు ఆడే వదిలేసి రా. ఆడ నుంచి ఒక్క పుల్ల గూడా నీ బండిలో ఈడికి రాకూడదు. బండి మా వాకిట్లో ఆపొద్దు."

డ్రైవరు సరేనన్నాడు. ఆమె ఒక అడుగు వెనక్కి వేసి, మళ్ళీ ముందుకొచ్చింది.

"మా అన్న కనిపిస్తే, మళ్ళీ కావాలంటే ఎల్లుండికి సెప్పమను. నాకే ఫోన్ సెయ్యమను."